అరువు ఊపిరి

“రొమ్మంతా కోసేస్తారా బాబూ?”

అడిగిందే గానీ, ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకి. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ ఒళ్లంతా మొద్దుబారిపోయింది. చేతిలో టీ చల్లారి మీగడ కట్టినా తెలియలేదు.

“లేదమ్మా. పక్కటెముకల మధ్య చిన్న చిన్న చిల్లులు, అంతే,” అన్నాడు పక్కన కూర్చున్నాయన. నలభై ఏళ్లుంటాయి. మాసిన గడ్డం, ఒళ్లో మడతపెట్టిన దుప్పటి.

“డాక్టరూ అదే చెప్పాడు. నా బుర్రకెక్కితేగా! మా ఆయన రంగులేసే మేస్త్రి. ఒక ఊపిరితిత్తి ఎప్పుడో మూలపడింది. గడ్డేమో రెండోదాంట్లో. ఆ ఊపిరితిత్తిని ఆపితేగానీ కొయ్యలేరట. ఆపితే మనిషి దక్కుతాడా?”

“అందుకేగా మెషీన్! రక్తాన్ని గొట్టంలోంచి బయటికి లాగి, గాలి పట్టించి, మళ్లీ లోపలికి పంపిస్తుంది. కాసేపు గుండే అదే, ఊపిరీ అదే.”

“నీకెలా తెలుసు?”

“మా నాన్నకీ పెట్టారు.”

ఆమెకి కాస్త ప్రాణం లేచొచ్చింది. “ఎలా ఉన్నారు?”

“ఇప్పుడు ఆయాసం లేదు. ఇవాళే ఇంటికి తీసుకెళ్తున్నాం. బండి రావాలి.”

“అదృష్టవంతులు. మమ్మల్ని మెషీన్ ఖాళీ లేదని రెండుసార్లు వెనక్కి పంపేశారు. పొద్దున ఉన్నపళంగా రమ్మన్నారు. దేవుడు మా మొర విన్నాడు.”

ఆయన తలూపాడు. ఎండ గోడ దిగి నేలమీదికొచ్చింది.

తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు కిందికి లాగాడు.

“గడ్డ తీసేశాం. మెషీన్ కూడా ఆపేశాం. మీ ఆయన గుండె, ఊపిరితిత్తి వాటి పని అవే చేసుకుంటున్నాయమ్మా.”

ఏడుద్దామనుకుంది. కన్నీళ్లు రాలేదు. పక్కాయన మాత్రం దుప్పట్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత లేచి, ఆమెకి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు.

“ఈయనకేమైంది?” అందామె, అటుగా వచ్చిన నర్సుతో.

“బండి ఎప్పుడో వచ్చిందమ్మా. మీవారి సంగతి తెలిస్తేగానీ కదలనన్నాడు.”

“మేమెవరమని?”

నర్సు గొంతు తగ్గించింది.

“ఇక లాభం లేదని, పొద్దున వాళ్ల నాన్నకి ఆ మెషీన్ తీసెయ్యమన్నది ఆయనే.”