ఎద్దు రాని మలుపు

“ఆ స్టీరింగ్ తీసి బయట పారెయ్యి,” అన్నాడు లస్మయ్య.

కొడుకు ఎల్లేష్ తల తిప్పలేదు. కూలర్ రొద పెడుతున్నా చంద్రపూర్ ఎండకు అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇనుప చట్రానికి బిగించిన స్టీరింగును రెండు చేతులా పట్టుకొని, ఎదురుగా ఉన్న తెర మీద ఘాట్ రోడ్డు దిగుతున్నాడు.

“వినవడ్తలేదారా? గింత పెద్దోనివైనవ్. కుర్సీల కూసోని బండి నడుపుతవా?”

“నువ్వు అసలు బండి నడిపి ఏం జేసినవో యాదికున్నది.”



నాలుగేళ్ల కింద జివతిలో చుట్టాల పెళ్లి చూసుకొని వస్తుంటే, ఘాట్‌లో వాళ్ల జీపు లోయలో పడింది. లస్మయ్య భార్య సరోజ అక్కడే చనిపోయింది. వెనక సీట్లో పడి ఉన్న ఎల్లేష్‌కు తల పగిలింది. పెళ్లిలో భోజనానికి కూర్చున్నంతవరకే అతనికి గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి మంచమే.

జనం లోయలోకి దిగేసరికి లస్మయ్య స్టీరింగ్ ముందు కూర్చొని ఉన్నాడు. నోట్లోంచి ఇప్పసారా వాసన కొట్టింది. ఎద్దు అడ్డమొచ్చిందన్నాడు. ఎవరూ నమ్మలేదు. సాస్తి బొగ్గు గనిలో డంపర్ నడిపే ఉద్యోగం పోయింది. జైలు పడింది. సరోజ అన్నదమ్ములు కోర్టు బయటే అతని ముఖాన ఉమ్మేశారు.

ఆ పెళ్లికి వెళ్లని కూతురు ఉజ్వల ఒక్కతే ఎద్దును నమ్మింది. పోయిన నెల జైలు నుంచి వచ్చిన తండ్రికి ముందుగదిలో మంచం వేసింది ఆమే. తమ్ముడు ఒప్పుకోలేదు. ఆమె మాట కాదనలేక ఊరుకున్నాడు.

ఊరుకొని ఈ పని పెట్టుకున్నాడు.

కంప్యూటర్ రేసుల్లో ఎల్లేష్‌కు పేరుంది. గెలిచి గెలిచి, ఆ డబ్బుతో ఈ స్టీరింగ్ తెప్పించుకున్నాడు. ఇది ఆటబొమ్మ కాదు. చక్రం నేరుగా మోటారు ఇరుసుకే ఉంటుంది. తెర మీద గుంత వస్తే చేతికి గుంత తగులుతుంది. టైరు జారితే చక్రం చేతుల్లో తేలికైపోతుంది. గోడకు గుద్దితే మణికట్టు మెలిపెడుతుంది. జివతి ఘాట్‌ను ఫోన్‌లో వీడియో తీసుకొచ్చి, ఒక్కొక్క మలుపే కంప్యూటర్‌లో కట్టాడు. పాత జీపు బరువు పెట్టాడు. ఎద్దును కూడా పెట్టాడు.

“అక్కా, ఇటు రా,” అని కేకేశాడు. “మీ బాపు ఎద్దును చూపిస్త.”

ఉజ్వల పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చింది.

“ఎద్దు అడ్డమొస్తే ఎవడైనా బ్రేక్ తొక్కుతడు. తొక్కితే జీపు కొండ దిక్కే పోతున్నది. ఎన్ని తీర్ల జేసినా లోయల పడ్తలేదు. ఎద్దు ఖోటం. పూరా అబద్ధం.”

“గది ఆట రా. ఆటను నమ్ముకొని బాపును ఎళ్లగొడ్తవా?”

“ఆట అయితే భయమేంది? బాపూ, నువ్వే కూసో. పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి డంపర్ నడిపినవ్ గదా. ఎట్ల పడ్డదో నడిపి చూపియ్యి. చూపిస్తే ఈ ఇంట్లనే ఉండు. సచ్చేదాక ఉండు.”

“కూసోను.”

“ఎందుకు?”

“కూసోనంటే కూసోను. వైరు పీకు.”

“జూసినవా అక్కా?”

ఉజ్వల తండ్రి దగ్గరికి వచ్చింది. “ఒక్కసారి కూసో బాపూ. నా కోసం.”

లస్మయ్య కదల్లేదు. నాలుగేళ్లలో మొదటిసారి ఆమె ముఖంలో అనుమానం కనిపించింది.

“సరే, నేనే నడుపుత,” అన్నాడు ఎల్లేష్. “ఈసారి ఎద్దు లేదు. బ్రేక్ తొక్కను. నువ్వు ఎట్ల నడిపి ఉంటవో గట్లనే నడుపుత.”

జీపు దూసుకుపోయింది. గుంతలకు చక్రం దడదడలాడింది. ఒక మలుపు తిరిగింది. ఇంకొకటి తిరిగింది. ఎల్లేష్ మాట్లాడటం మానేశాడు. మూడో మలుపులో వెనక టైర్లు రాళ్ల మీద జారాయి. చక్రం తేలికైంది. ఎల్లేష్ వేళ్లు తెల్లబడ్డాయి.

“ఆగు,” అన్నాడు, ఎవరితోనో. “గిక్కడ... గిట్లనే...”

లస్మయ్య మూలనున్న గడ్డపార అందుకున్నాడు. మొదటి దెబ్బకు చక్రం పగిలింది. రెండో దెబ్బకు మోటారు ఆగింది. ఉజ్వల అరుస్తున్నా ఆపలేదు. తెర కూడా పగలగొట్టి గడ్డపార కింద పడేశాడు.

ఎల్లేష్ తండ్రి చొక్కా పట్టుకున్నాడు. “దొరికిపోతనని పలగ్గొట్టినవ్! ఖరం చెప్పు, నిజం చెప్పు. అక్క ముంగట చెప్పు.”

“ఎద్దు రాలే,” అన్నాడు లస్మయ్య. “తాగి నడిపిన. కండ్లు మూతలు పడ్డయి. మీ అమ్మను నేనే సంపిన. సాలా?”



ఉజ్వల ముందుగదిలోకి వెళ్లింది. తండ్రి సంచి తెచ్చి గుమ్మం బయట పడేసింది.

“నెల దినాలు నా చేతి కూడు తిన్నవ్. ఎట్ల మింగినవ్ బాపూ?”

లస్మయ్య చెప్పులు తొడుక్కున్నాడు. ఎల్లేష్ గోడకు ఆనుకొని తన అరచేతులు చూసుకుంటున్నాడు. వేళ్లు ఇంకా చక్రం పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

“ఏమైందిరా చేతులకు?” అంది ఉజ్వల.

“మోటరు గుంజింది, గంతే,” అన్నాడు లస్మయ్య, కొడుకు నోరు తెరిచేలోపే. “పారెయ్యమంటే విన్నడా, గాడిద కొడుకు.”

సంచి భుజాన వేసుకొని ఎండలోకి దిగాడు. అతని వెనకే తలుపు ధడాలున మూసుకుంది.

ఆ పెళ్లి రోజు తాగాడు కాబట్టే, జివతి దాటగానే లస్మయ్య జీపు స్టీరింగ్ ఎల్లేష్ చేతికిచ్చాడు.