చెమ్మ మరక

గది గోడలన్నిటికీ రంగు వేసి, మంచం ఎదుటి చెమ్మ మరకను మాత్రం పెయింటర్ అలాగే ఉంచాడు. ఇంటావిడ కొడుకు పురమాయింపు అది. ఆ మరక అచ్చుగుద్దినట్టు, చనిపోయిన నాన్న ముఖంలా ఉందట. అమ్మ రోజంతా దాని ఎదురుగానే కూర్చుంటుందట.

సాయంత్రం ఆవిడ వచ్చి చూసింది.

"దాన్నెందుకు వదిలేశావు?"

"వదల్లేదమ్మా. మీ అబ్బాయి దానిమీద రెండు పూతలు వార్నిష్ వేయించాడు. ఇంక మీరున్నన్నాళ్లూ చెరగదు," అన్నాడు పెయింటర్ గొప్పగా.

ఆవిడ కుర్చీ లాక్కుని మరకకు ఎదురుగా కూర్చుంది.

పెయింటర్ డబ్బాలు సర్దుకుంటూ, "ఆయనంటే మీకంత ప్రాణమా అమ్మా?" అని అడిగాడు.

ఆవిడ గోడ మీంచి చూపు తిప్పలేదు.

"నేను వీపు తిప్పితే చాలు, తన్నేవాడు బాబూ."