మా పైసలు, మా ఇష్టం

హాల్లో అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాలుగో వరుసలో సఫారీ సూటు వేసుకున్న పెద్దాయన మాత్రం కొట్టడం లేదు.

తిరుమల్‌కు అక్కడే అనుమానం మొదలైంది.

బేగంపేట హోటల్లో ఏసీ హాలు. వేదిక మీద ముంబై నుంచి వచ్చిన ముగ్గురు షేర్ మార్కెట్ నియంత్రణ అధికారులు. అప్పు తెచ్చి మరీ మార్కెట్లో ఆడే ఫండ్లు కొన్ని వచ్చాయి. మార్కెట్ రూపాయి పెరిగితే అవి మూడు రూపాయలు పెరుగుతాయి. పడితే మూడు రూపాయలు పడతాయి. ఇకమీదట పరీక్ష రాసి పాసైన మదుపరులకే వాటిని అమ్మాలని కొత్త నిబంధన తెస్తారట. దాని మీద జనం మాట వినడానికే ఈ సభ.

ఆ నిబంధన వద్దనే జనాన్ని కూడగట్టే పని తిరుమల్‌ది. వారం రోజులు కాళ్లరిగేలా తిరిగాడు. నూట ఎనభై మంది కదిలి వచ్చారు. ఒక్కొక్కరికీ నినాదం నేర్పాడు, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకు రమ్మన్నాడు. అందరి ముఖాలూ అతనికి తెలుసు, ఈ సఫారీ ముఖం తప్ప.

ఏ తేడా రాకూడదని మదుపరుల అసోసియేషన్ వాళ్లు మరీ మరీ చెప్పారు. ఇవాళ పరువు పోతే ఇక సికింద్రాబాద్‌లో తిరుమల్‌ను పిలిచేవాడు ఉండడు.

పెద్దాయన జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నాడు. అతని పక్కన కూర్చున్న నాంచారమ్మ లేచి గబగబా వచ్చింది.

"తిరుమలన్నా, ఆ సారు నన్ను ఒకటే సతాయిస్తున్నడు. ఎంత పెట్టినవ్, ఎన్నడు పెట్టినవ్ అని."

"నువ్వేమన్నవ్?"

"మా ఆయనకెరుక అని చెప్పిన."

"మంచిగ చెప్పినవ్. పొయ్యి గా మూలకు కూసో."

సందేహం లేదు, అధికారుల మనిషే. మామూలు బట్టల్లో జనం మధ్య కూర్చుని కూపీ లాగుతున్నాడు. తిరుమల్ వెళ్లి నాంచారమ్మ కుర్చీలో కూర్చున్నాడు.

వేదిక మీద అసోసియేషన్ సుకన్య మైకు అందుకుంది. "మేమేమన్నా చిన్నపిల్లలమా? మా మంచిచెడ్డలు మాకు తెలియవా?"

తిరుమల్ చెయ్యెత్తాడు. "మా పైసలు, మా ఇష్టం!" అని హాలు దద్దరిల్లింది. పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, ఆ జనాన్ని చాలాసేపు చూశాడు.

"ఏ ఆఫీసు సార్ మీది?" తిరుమల్ గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకా ఆఫీసెక్కడిది బాబూ. ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాను. నా పేరు హెన్రీ."

"మరి గీడికి ఎవరు పంపిన్రు?"

"ఎవరూ పంపలేదు. పేపర్లో చూసి వచ్చాను."

పేపర్లో చూసి వచ్చాడట! ఇన్నేళ్లలో ఏ సభకూ అలా వచ్చినవాణ్ణి తిరుమల్ చూడలేదు. చెవిలో పువ్వు పెడుతున్నాడనుకున్నాడు.

"జెర ఆ బుక్కు చూపించున్రి," అన్నాడు కటువుగా.

హెన్రీ ఇచ్చేశాడు. అందులో అన్నీ అంకెలే. తొమ్మిది లక్షలు. ఏడు. అయిదు. ఆఖరున మూడున్నర.

"రిటైర్మెంట్ డబ్బు బాబూ, ఈ ఫండ్లలోనే పెట్టాను. నా భార్య బ్యూలాకు ఇంకా చెప్పలేదు, రెండు నెలలుగా ఆమె ముఖం చూడలేకపోతున్నాను. మిగిలిందైనా వెనక్కి తీసుకుందామని ఇదుగో, ఫారం కూడా నింపుకొచ్చాను." ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. దాన్ని మడత మీద నిదానంగా రెండు ముక్కలు చేశాడు.

"అయ్యో, ఎందుకు చింపిన్రు?"

"నీ జనాన్ని చూశాక ధైర్యం వచ్చింది. ఇందాకటి ఆ తల్లి లాంటివాళ్లే బెదరకుండా నిలబడ్డారు. నేనే పిరికివాణ్ణి. ఇల్లు తాకట్టు పెట్టయినా రేపు ఇంకో పది లక్షలు వేస్తాను." పెద్దాయన కళ్లు చెమర్చాయి. సుకన్య మళ్లీ నినాదం ఎత్తుకుంటే ఈసారి ఆయన కూడా గొంతు కలిపాడు.

తిరుమల్ చెయ్యి మాత్రం లేవలేదు.

మనిషికి ఐదు వందలు, ఒక బిర్యానీ పొట్లం మాట్లాడి అతను బస్సుల్లో తోలుకొచ్చిన ఆ నూట ఎనభై మందిలో, ఆ ఫండ్లలో ఒక్క రూపాయి పెట్టినవాడు లేడు.