ఉత్తరం గదిలో వాన

అత్త హనుమక్క మీద కోడలు ప్రేమకున్న ఫిర్యాదు చిన్నదేమీ కాదు. కొత్త ఇంట్లో ఆమె ఒక్క తప్పు కూడా పట్టలేదు.

వంటగది ఇరుకు అనలేదు. మెట్లు ఎత్తు అనలేదు. పేరేసంద్ర హైవే పక్కన కొత్త లేఅవుట్‌లో, పెయింటు వాసన ఇంకా పోని ఆ ఇల్లు చూడబోయిన రోజు, అందరూ హాలులోనే ఉండగా తాను తిన్నగా ఉత్తరం గదిలోకి వెళ్ళింది. కిటికీ తెరిచి గాలికి అరచెయ్యి పెట్టింది.

"ఈడ ఎండ పడదు గదా?"

"పడదమ్మా," అన్నాడు బిల్డర్ నసుగుతూ.

"మంచిది. ఈ గది నాది. కిటికీలకు సన్న జాలీ కొట్టించు. ఈగ గూడా దూరగూడదు."

ఎండ పడదని మెచ్చుకున్న మనిషిని బిల్డర్ అంతవరకు చూడలేదు. మిగతా ఇల్లు ఎలా ఉన్నా ఆమెకు అక్కరలేదు. ఇలాంటి అత్తతో ఏ కోడలైనా ఏమని పోట్లాడుతుంది?

సాదలిలో రెండెకరాల తోట, అందులోని షెడ్డు అమ్మి కొన్న ఇల్లది. మామ గోవిందప్ప నిరుడు వానాకాలంలో ఆ షెడ్డులోనే, పని చేస్తూ చేస్తూ కూలబడి కన్నుమూశాడు. అమ్మేముందు కొడుకు పురుషోత్తమ్ తల్లిని మూడుసార్లు అడిగాడు.

"నలభై ఏండ్లు చేసినా. ఇంక ఆ చాకిరీ నాకొద్దప్పా," అని మూడుసార్లూ ఒకే మాట చెప్పింది.

గృహప్రవేశమైన నెలకు ఇంట్లో వాన మొదలైంది.

మధ్యాహ్నం మూడు గంటలు. మిద్దె మీద ఆరేసిన బట్టలు అప్పడాల్లా ఎండుతున్నాయి. ఇంట్లో మాత్రం సన్నగా తుంపర పడుతున్న చప్పుడు. ప్రేమ కొళాయిలన్నీ చూసింది. పైకెక్కి ట్యాంకు చూసింది. ఎక్కడా చుక్క కారడం లేదు. చప్పుడు ఉత్తరం గదిలోంచి వస్తోంది. ఆ గదికి తాళం. తాళంచెవి హనుమక్క బొడ్లో.

"అత్తా, ఆ గదిలో ఏముండాది?"

"మీ మామ సామాన్లు."

ప్లంబర్ కొండప్ప గోడకు చెవి పెట్టి విన్నాడు. "అక్కా, ఈ గోడలో పైపే లేదు," అని కూలి కూడా అడగకుండా వెళ్ళిపోయాడు. ప్రేమకు భయం వేసింది అప్పుడే.

రోజురోజుకూ వాన పెరిగింది. ఉన్నట్టుండి ఒక రోజంతా ఆగిపోయేది. ఆ రోజు హనుమక్క మిక్సీ కూడా వేయనిచ్చేది కాదు. మర్నాడు మరింత జోరుగా పట్టుకునేది.

అత్త కూడా మారిపోయింది. అగరుబత్తి వెలిగిస్తే ఆర్పేసింది. దోమలబత్తి తీసి వీధిలో పారేసింది. ఉత్తరం గది గడపకు అడ్డంగా సున్నపు పొడితో గీత గీసింది. కాళ్ళు కడుక్కోకుండా తాను కూడా ఆ గీత దాటదు. పొద్దున్నే గుడ్డసంచి పట్టుకుని "వాకింగు"కు పోతుంది. జన్మలో ఆ మాట నోట పలకని మనిషి. తిరిగొచ్చాక చేతులకు ఏదో పచ్చి వాసన.

ఒక మధ్యాహ్నం ప్రేమ తలుపుకు చెవి ఆనించింది. వాన చప్పుడు మధ్య అత్త గొంతు.

"తినండి నాయనా, తినండి. ఇంక నాలుగు దినాలే. ఆ తర్వాత మీ ఇండ్లు మీరు కట్టుకుందురు."

ఆ సాయంత్రమే ప్రేమ పెట్టె సర్దింది. "నేను చింతామణికి పోతాండా, మా అమ్మోళ్ళింటికి."

"మా నాయనే అయింటాడులే ప్రేమా. మనల్నేం చేస్తాడు?" అన్నాడు పురుషోత్తమ్.

"మీ నాయన ఒక్కడైతే ఎట్లో సర్దుకుందును. లోపల చానా మంది ఉండారు. ఇండ్లు గూడా కట్టుకుంటారంట!"

పోవద్దని ప్రేమను ఆపి, పురుషోత్తమ్ చివరి మాట చెప్పాడు. శుక్రవారం హోమం. అప్పటికీ ఆగకపోతే ఇల్లు అమ్మకానికి. తోట పోయింది, షెడ్డు పోయింది. ఇల్లు కూడా పోతే వాళ్ళకు మిగిలేది ప్రేమ సర్దిన ఆ పెట్టె.

"హోమమా?" హనుమక్క ముఖం పాలిపోయింది. "పొగొస్తాది గదప్పా!"

హోమం పొగంటే ఎవరికి పడదో భార్యాభర్తలకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

శుక్రవారం హోమం మొదలు కాకముందే హనుమక్క ఉత్తరం గది తలుపు కింద తడి గోనెపట్ట దోపింది. పురోహితుడు రామప్రసాద్ హాలులో పూర్ణాహుతి ముగించి, సాంబ్రాణి ధూపం పట్టుకుని ఒక్కో గదీ తిరిగాడు. ఆఖరి గది దగ్గరికి వచ్చేసరికి, సున్నపు గీత మీద హనుమక్క రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. ఆమె వెనక వాన హోరు.

"కొంచెం జరగండమ్మా."

"పొగ లోపలికి పోగూడదు సామీ. పోతే సచ్చిపోతారు."

"చచ్చినవాళ్ళు మళ్ళీ ఎట్లా చస్తారమ్మా?"

అడిగేశాక గానీ తానేం అడిగాడో రామప్రసాద్‌కు తెలియలేదు. ఒకడుగు వెనక్కి వేశాడు.

పురుషోత్తమ్ ముందుకొచ్చాడు.

"ఎవురమ్మా లోపల? నాయనేనా?"

హనుమక్క కొడుకు ముఖం చూసింది. కోడలి చేతిలోని పెట్టె చూసింది. మెల్లగా బొడ్లోంచి తాళంచెవి తీసింది.

"తప్పు నాదేనప్పా, ఆ చాకిరీ నాకొద్దని నేనే అంటి, లోపల నాలుగు తట్టల్లో పట్టుపురుగులను మేపుకుంటాండా, అవి ఆకు తినే ఈ వాన సద్దు లేకుంటే నాకు పొద్దు పోలేదు."