లోపలి గడియారం

“అయితే ఈ అరగంటే పట్టించిందంటావా?” అడిగింది డో ఖిన్ ఓన్.

“ఇంకేం పట్టిస్తుంది పెద్దమ్మా?” కంప్యూటర్ల కొట్టు నడిపే కో సిటు తెర మీద వేలు పెట్టాడు. “మీ వాడు పేరు రాయలేదు, ఊరు రాయలేదు. ఈ మెయిల్ ప్రోగ్రాం మాత్రం ఎవరూ అడక్కుండానే పైన అన్నీ రాసేసింది. ఇదిగో, థాయి టైము.”

బర్మా సరిహద్దుకి ఇవతల, థాయిలాండ్‌లో ఉన్న మేసోట్ బజారంతా థాయి టైముకి నడుస్తుంది. ఏరు దాటి వచ్చిన బర్మావాళ్ళ ఇళ్ళలో మాత్రం గోడ గడియారాలు అరగంట వెనక, సొంత ఊరి టైముకే ఉంటాయి. డో ఖిన్ ఓన్ ఇల్లూ అంతే. వచ్చిన రోజే స్టూలెక్కి ముల్లు తిప్పింది.

ఆమె కొడుకు యే మిన్, నెల తప్పిన పెళ్ళాం తందార్‌ని తల్లికి అప్పగించి, సైన్యం మీద పోరాడేవాళ్ళతో కలవడానికి అవతలి అడవికి వెళ్ళాడు. వానలు మొదలైన దగ్గర్నుంచి తందార్‌కి పేరు లేని మెయిళ్ళు వస్తున్నాయి. తందార్ ఆసుపత్రి ఆఫీసులో పనిచేస్తుంది. మెయిలు లోపలి వివరాలు ఎలా చూడాలో ఆమెకు అక్కడ నేర్పారు. నిన్నటి మెయిల్లో ఆ టైము చూసింది. ఆయన ఏరు దాటి ఇవతలికి వచ్చాడంటూ పొద్దున్నే రేవుకి వెళ్ళి నిలబడింది.

“నిండు చూలాలు,” అంది డో ఖిన్ ఓన్. “పోయినసారి వాళ్ళ నాన్నని పట్టుకుపోయారన్న కబురు విని కడుపు పోగొట్టుకుంది. ఇప్పుడు ఆ రేవులో, ఆ బురదలో...”

“రేవులో సైన్యం చెవులు కూడా ఉంటాయి. ఈమె వెనకాలే తిరిగితే మీ వాడు దొరికిపోతాడు.”

“అందుకే వచ్చాను నాయనా. ఏమేం మార్చాలో నాకు చెప్పు. బియ్యం మోసేవాడు అవతలికి వెళ్తుంటాడు, వాడితో కబురు పంపుతాను.”

“మీకు చెబితే ఏం అర్థమవుతుంది?”

“అరవై రకాల పచ్చళ్ళు గుర్తుపెట్టుకున్నదాన్ని. చెప్పి చూడు.”

కో సిటు నవ్వి కుర్చీ ఆమె వైపు జరిపాడు. మెయిలు ఏ దారిన వచ్చిందో కనబడకుండా ముసుగు వేసే ప్రోగ్రాం చూపించాడు. కంప్యూటర్‌కి పెట్టిన పేరు మెయిల్లోకి ఎక్కకుండా ఎక్కడ మార్చాలో చూపించాడు. చివరికి గడియారం తెరిచాడు.

“దీన్ని ఏ దేశానిదీ కాని టైముకి పెట్టమనండి. గొడవే ఉండదు.”

“వద్దు. మన ఊరి టైమే ఉండాలి.”

“అప్పుడు బర్మా లోపలే ఉన్నాడని తెలిసిపోతుందిగా?”

“లోపలున్నాడని సైన్యానికి తెలిసిందే. ఇవతలున్నాడని ఎవరూ అనుకోకూడదు.”

నొక్కాల్సిన చోట్లన్నీ ఆమె మళ్ళీ ఒకసారి వేలితో తడిమి చూసుకుంది.

“గట్టివారే పెద్దమ్మా,” అన్నాడు కో సిటు. “అన్నట్టు, వానలు మొదలైనప్పుడు మీ ఇంట్లో భిక్షువులకు భోజనాలు పెట్టారే, ఆ రొయ్యల కూర ఇంకా నోట్లోనే ఉంది. మళ్ళీ ఎప్పుడు మీ పుట్టినరోజు?”

బర్మావాళ్ళు భిక్షువులకు భోజనం పెట్టేది పుట్టినరోజుకే కాదు, మనిషి పోయిన ఏడో రోజుకి కూడా. ఆమె గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో తందార్ నిలబడి ఉంది. లుంగీ అంచు మోకాలి దాకా బురద.

“అత్తా, నువ్వూ ఇక్కడే ఉన్నావా? సిటూ అన్నా, నువ్వే చెప్పు. ఆయన ఇవతలికి వచ్చేశాడు కదూ?”

డో ఖిన్ ఓన్ అతని వైపు చూసింది. కో సిటు తల వంచుకుని తెర తుడిచాడు.

“లేదమ్మా. అడవిలో వాళ్ళు వాడేవన్నీ ఈ బజారులో కొన్న కంప్యూటర్లే. వాటికి థాయి టైమే ఉంటుంది. మార్చడం ఎవరికి గుర్తుంటుంది?”

“ఇన్నాళ్ళూ ఆయన టైము సరిగ్గానే ఉంది, నేను చూశాను. నిన్నే మారింది.”

“బ్యాటరీ పోయి ఉంటుంది. పోతే మొదటి టైముకి వెళ్ళిపోతుంది.”

తందార్ స్టూలు మీద కూలబడింది. “మనిషి కూడా మారిపోయాడన్నా. వేళకి తిను, పచ్చి బొప్పాయి ముట్టకు అని రాస్తున్నాడు. పెళ్ళయ్యాక ఒక్కనాడైనా తిన్నావా అని అడగలేదు.”

“అడవికి పంపితే గానీ మగాడికి బుద్ధి రాదు,” అన్నాడు కో సిటు.

తందార్ నవ్వబోయి ఏడ్చింది. డో ఖిన్ ఓన్ వంగి, కోడలి కాళ్ళ బురదని తన పైటగుడ్డతో తుడిచింది.

“పద తల్లీ. బిడ్డ భూమ్మీద పడేదాకా రేవు వైపు వెళ్ళనని నాకు మాటివ్వు.”

“ఆయన చెప్తే వెళ్ళను.”

“చెప్తాడులే,” అంది డో ఖిన్ ఓన్.

ఇంటికి వెళ్ళి కోడలికి చింతాకు పులుసుతో అన్నం పెట్టింది. తినేదాకా ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నం తందార్ నిద్రపోయాక పక్క గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసింది. ధర్మబోధలు వినడానికి కో సిటు దగ్గరే కొన్న పాత లాప్‌టాప్ తెరిచి ఒక బోధ పెట్టింది. దాని గొంతు కాస్త పెంచింది. గోడ గడియారం వైపు చూసి, లాప్‌టాప్ గడియారాన్ని దానికి సరిపెట్టింది. కళ్ళద్దాలు తుడుచుకుంది.

‘తందార్, నేను క్షేమం’ అని రాయడం మొదలుపెట్టింది.