తనిఖీకి వచ్చిన పెద్దసారు

విమానాలు బాగుచేసే హ్యాంగర్‌ను వేరే ఊరికి తరలించాలా వద్దా తేల్చడానికి కంపెనీ పెద్దసారు వేంచేశారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఇంత రద్దీ ఎయిర్‌పోర్టులో ఇంత చోటు మీకెందుకమ్మా? ఎక్కడో ఖాళీగా ఉన్న ఊళ్లో రిపేర్లు చేసుకుంటే కాదా?"

"మన విమానాలన్నీ రోజూ వచ్చి ఆగేది ఇక్కడే సార్," అంది చీఫ్ ఇంజనీరు. "రోగినైతే డాక్టరు దగ్గరికి మోసుకెళ్తాం. ఎగరలేని విమానాన్ని ఎలా మోసుకెళ్తాం?"

"కబుర్లకేం, బాగానే చెప్తారు," అని నవ్వి, సారు తిరుగు విమానం ఎక్కారు.

ఎక్కగానే కునుకు తీశారు. ఈలోగా పైలట్ నుంచి ఆమెకు కబురొచ్చింది, చక్రం బ్రేకు దగ్గర ఆయిల్ కారుతోందని. ఇద్దరు మెకానిక్‌లను వెంటేసుకుని ఎండలో పరుగెత్తింది. విమానం కింద దూరి, పగిలిన గొట్టం విప్పి, హ్యాంగర్ నుంచి తెప్పించిన కొత్తది బిగించింది. అరగంటలో విమానం కదిలింది. కిటికీకి తల ఆనించి సారు గుర్రు పెడుతూనే ఉన్నారు.

వారం తర్వాత ఆయన నివేదిక వచ్చింది. ఆమె నిలబడే చదివింది.

"నేను స్వయంగా చూశాను. ఆ రోజు ఒక్క విమానమూ చెడిపోలేదు. అక్కడ హ్యాంగర్ అనవసరం."