బెల్లంలో మాత్ర

ఉదయం ఎనిమిది గంటలకు, తెనాలిలోని ఒక పిల్లల ఆసుపత్రిలో, ఆపరేషన్‌కని మంచం మీద పడుకోబెట్టిన ఆరేళ్ల చిన్మయి ముంజేతికి నర్సు ఎర్రదారం కట్టింది. అయినదానికీ కానిదానికీ యాంటీబయాటిక్ మాత్రలు మింగిన పిల్లల ఒంట్లో ఏ మందుకూ చావని క్రిములు చేరతాయి. అవి కనబడితే ఎర్రదారం, లేకపోతే పచ్చదారం కడతారు. ఎర్రదారం పడితే ఇక ఆ బిడ్డకు ఆపరేషన్ చెయ్యరు. టాన్సిల్స్ తీయకపోతే చిన్మయికి నిద్రలో ఊపిరి అందదు.

"పొరపాటు పడ్డారమ్మా. మా పిల్ల ఇంతవరకు ఒక్క మాత్ర ఎరగదు," అంది తల్లి నీలవేణి. జ్వరం వచ్చినప్పుడల్లా ఆమె సెలవు పెట్టి, నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ కూర్చునేది.

"రెండుసార్లు చూశామండీ," అంది నర్సు.

"మింగానమ్మా," అంది చిన్మయి. "నువ్వు గుడ్డ తడుపుకురావడానికి వెళ్లినప్పుడు నాన్న బెల్లంలో పెట్టి ఇచ్చేవాడు. నీకు చెప్పొద్దన్నాడు."

నీలవేణి భర్త వైపు తిరిగింది. రాంప్రసాద్ తల ఎత్తలేదు.

"తెల్లారేసరికి తగ్గిపోయేది కదే. అంతా నీ తడిగుడ్డ మహిమేనని వీధంతా చెప్పుకొచ్చావు. ఇంకెట్లా చెప్పమంటావు?"

నర్సు పచ్చదారం కట్టిన ఇంకో పిల్లాణ్ణి పిలిచింది. చిన్మయిని దింపి, ఆ మంచం మీద వాణ్ణి పడుకోబెట్టారు.